ఎవరి ఎడమ?

విశాఖపట్నంలోని ఒక చిన్న కంపెనీలో సుభాషిణి అనే ఇంజనీరు ఉండేది. పనిలో మహా చురుకు, కానీ తనకు తెలిసిన సంగతి లోకానికంతా తెలుసనుకునేది.

ఆ కంపెనీవాళ్ళు కబడ్డీ వీడియోలు చూసి వివరాలు తీసే సాధనం ఒకటి తయారుచేశారు. కూతకు ఎవరు వెళ్ళారు, ఏ పక్కకు వెళ్ళారు, ఎవరు పట్టారు, అన్నీ అది రాసిపెట్టేది. కోచ్‌లు తమకు కావలసింది ఏఐ ఏజెంటును అడిగేవారు. ఏజెంటు ఆ సాధనంలో వెతికి జవాబు చెప్పేది. అందులో ఏ మాటకు ఏ అర్థమో ఏజెంటుకు తెలియాలంటే ఒక్కటే దారి, సాధనంతో పాటు ఇచ్చే వివరణ పత్రం. అది రాసే పని సుభాషిణికి అప్పగించారు.

ఆమె ఒక్క పూటలో ఒక్క పేజీ రాసి ఇచ్చింది.

"ఇంతేనా? కాస్త విడమరిచి రాయమ్మా," అన్నాడు మేనేజరు భానోజీరావు.

"చదివేది ఏఐ సార్, ఒకటో తరగతి పిల్లలు కాదు. ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. దానికి కూడా అర్థం చెప్పాలా?" అని నవ్వేసింది సుభాషిణి.

ఆ ఏడాది పార్వతీపురం అమ్మాయిల జట్టు రాష్ట్ర పోటీల్లో ఫైనల్‌కు చేరింది. వాళ్ళ కోచ్ గౌరీశ్వరి ఏజెంటును అడిగింది: "అవతలి జట్టు కెప్టెన్ కూతకు వస్తే ఎక్కువగా ఏ మూలకు వెళ్తుంది?"

"పదింట ఎనిమిదిసార్లు ఎడమ మూలకు," అంది ఏజెంటు.

గౌరీశ్వరి జట్టులో గట్టి పట్టున్న పిల్ల పైడితల్లి. ఎప్పుడూ కుడి మూలలో ఆడేది. కోచ్ ఆమెను ఎడమ మూలకు మార్చి, మూడు వారాలు అక్కడే సాధన చేయించింది.

ఫైనల్ చూడటానికి సుభాషిణి, భానోజీరావు విజయవాడ వెళ్ళారు. ఆట మొదలైంది. అవతలి కెప్టెన్ వచ్చిన ప్రతిసారీ పైడితల్లి వదిలేసిన కుడి మూలకే వెళ్ళింది. తాకి పారిపోయింది. సగం ఆట అయ్యేసరికి పార్వతీపురం పదకొండు పాయింట్లు వెనకబడింది.

ఏజెంటు జవాబు విని కోచ్ పైడితల్లిని ఎడమకు మార్చిందని తెలిసిన సుభాషిణికి అప్పుడు తట్టింది. సాధనం రాసే ఎడమ, కూతకు వెళ్ళే మనిషి ఎడమ. ఎదురుగా నిలబడి పట్టేవాళ్ళకు అది కుడి అవుతుంది. ఆ ముక్క ఆమె పేజీలో లేదు. ఏజెంటు తనకు తోచినట్టు పట్టేవాళ్ళ ఎడమ అనుకుంది.

సంగతి విని భానోజీరావు గొంతు తగ్గించాడు. "ఏఐ తప్పు చెప్పిందని అనుకుంటారులే. నువ్వు వెళ్ళి చెబితే పరువు పోతుంది. కూర్చో."

"దానిదేం తప్పు సార్? నేను రాయలేదు, అది ఊహించుకుంది," అంటూ సుభాషిణి మెట్లు దిగి పరుగెత్తింది.

గౌరీశ్వరి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. కోచ్ ముఖం ఎర్రబడింది.

"మూడు వారాలమ్మా! ఈ పిల్లలు మూడు వారాలు మోకాళ్ళు చెక్కుకుపోయేలా ఆడారు!" అంది. మరుక్షణం కోపం దిగమింగి వెనక్కి తిరిగింది. "పైడీ, నీ పాత మూలకు పో!"

రెండో సగంలో పైడితల్లి ఆ కెప్టెన్‌ను నాలుగుసార్లు కిందపడేసింది. పార్వతీపురం ఒక్కో పాయింటూ లాక్కుంటూ వచ్చింది. అయినా చివరికి ఒక్క పాయింటుతో ఓడిపోయింది. పిల్లలు ఏడ్చారు. సుభాషిణి కళ్ళెత్తి వాళ్ళను చూడలేకపోయింది.

"నువ్వు వచ్చి చెప్పావు కాబట్టి ఇంతవరకైనా వచ్చాం. ఇక ఆ పేజీ సంగతి చూడు," అంది గౌరీశ్వరి.

సుభాషిణి పార్వతీపురం వెళ్ళి వారం రోజులు కబడ్డీ కోర్టు పక్కనే కూర్చుంది. రాసిన ప్రతి వాక్యం పిల్లలకు చదివి వినిపించి, "మీకేం అర్థమైంది?" అని అడిగింది.

"అక్కా, కూత మొదలైందని ఎప్పుడు రాస్తుంది? గీత దాటినప్పుడా, నోరు తెరిచినప్పుడా?" అంది పైడితల్లి. అదీ రాసింది. ఎవరి ఎడమో రాసింది. వీడియోలో కనబడనిది అడిగితే తెలియదని చెప్పాలనీ రాసింది. ఒక్క పేజీ పద్నాలుగు పేజీలైంది. పది రకాల ఏజెంట్లకు ఇచ్చి, ఒకే ప్రశ్న అడిగింది. పదీ ఒకే జవాబు, సరైన జవాబు చెప్పాయి.

కొత్త పత్రం చదివిన ఏజెంటు జవాబులతో సాధన చేసి, మరుసటి ఏడు పార్వతీపురం కప్పు గెలిచింది. పత్రికలవాళ్ళు చుట్టుముడితే గౌరీశ్వరి జనంలోంచి సుభాషిణిని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"కబడ్డీలో జట్టుకు ఏడుగురు ఆడతారు. మాకు ఎనిమిదో మనిషి ఈమె!" అంది.

పైడితల్లి పరుగున వచ్చి కప్పును సుభాషిణి చేతుల్లో పెట్టింది. ఎన్నో గొప్ప ప్రోగ్రాములు రాసిన సుభాషిణి, ఆ పద్నాలుగు పేజీలు తలుచుకుని గర్వపడినంతగా మరి దేనికీ గర్వపడలేదు.

నీతి: మనకు తెలిసినది ఎదుటివారికీ తెలుసులే అనుకోకూడదు, ఏమీ తెలియనివారు కూడా పొరపడకుండా చెప్పగలగడమే అసలైన తెలివి.