తూకం వేయని తక్కెడ

అంబలగిరిని ఏలే గోపాలభూపతికి ఏడాదికో ముచ్చట పుట్టేది. ఆ ఏడు ఆయన చూపు బడులమీద పడింది.

"కిందటేడు ప్రతి బడికీ తక్కెడ, కొలపాత్రలు, గజంబద్ద ఇప్పించాం. వాటిని ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచిన పంతులే ఇకమీదట బడులన్నిటికీ పెద్ద. పాడుచేసినవాడికి ఉద్యోగం ఊడుతుంది!" అని చాటింపు వేయించాడు.

అది విని రాణిగారి ఆంతరంగికురాలు చెంగమాంబ తల పట్టుకుంది. రాజుకు ఎదురుచెప్పే చనువు ఆవిడకుంది గానీ, చాటిన మాటను ఆయన చచ్చినా వెనక్కి తీసుకోడు.

అనుకున్న రోజున పంతుళ్లు తమ పిల్లలతో సామాను పట్టుకుని సభకు వచ్చారు.

కోటబడి పంతులు రుద్రభట్టు పట్టుగుడ్డ విప్పాడు. తక్కెడ తళతళా మెరిసింది.

"ఏడాదిగా పెట్టె తాళం తీయలేదు ప్రభూ! పిల్లల చేతి చెమట కూడా తగలనివ్వలేదు" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

కుమ్మరివీధి బడి పంతులు బయ్యన తెచ్చిన తక్కెడకు మాత్రం ఒక పళ్లెం అరిగి సొట్టపోయింది. తాళ్లు నల్లబడ్డాయి. రాజు ముఖం చిట్లించాడు. బయ్యన నేలచూపులు చూశాడు.

మంచి పంతులు ఉద్యోగం పోయేలా ఉందే అనుకుంది చెంగమాంబ. పైకి మాత్రం నవ్వింది.

"భట్టుగారికి పెద్దరికం ఇచ్చేముందు పిల్లల నోళ్లు తీపి చేద్దాం ప్రభూ. బెల్లం తెప్పించండి. ఏ బడి పిల్లలు ఆ బడి తక్కెడతోనే తూచుకుని పంచుకోవాలి."

"భేష్!" అన్నాడు రాజు.

రుద్రభట్టు అదిరిపడ్డాడు. "అమ్మా! బెల్లమా? తక్కెడకు జిగురు అంటుకోదూ?"

"తక్కెడను చూసి మురిసినట్టే బెల్లాన్నీ చూసి మురవండి భట్టుగారూ. ఏదీ అంటుకోదు."

సభ కిసుక్కుమంది. ఇక తప్పదని భట్టు తన పిల్లల్లో తెలివైనవాణ్ణి ముందుకు తోశాడు. వాడు చేతులు కట్టుకుని, తక్కెడకు దండె ఒకటి, పళ్లెములు రెండు అంటూ గుక్క తిప్పుకోకుండా వల్లించాడు.

"సెబాసు! ఇక తూచు నాయనా" అన్నాడు రాజు.

వాడు బిక్కమొహం వేసి పంతులుకేసి చూశాడు. తర్వాత బెల్లం ముక్కనూ, తూకపు రాయినీ తీసి రెండిటినీ ఒకే పళ్లెంలో పెట్టాడు. తక్కెడ ఆ పక్కకు దభీమని ఒరిగింది. రాణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఇప్పుడు కుమ్మరివీధి పిల్లల వంతు. నీలవ్వ అనే పిల్ల ముందుగా ఖాళీ తక్కెడనే పైకెత్తింది. అది కాస్త ఓరగా నిలిచింది. తేలిన పళ్లెంలో చిన్న గులకరాయి వేసి సరిచేసి, ఆ తర్వాతే బెల్లం తూచింది. పక్కవాళ్లు వాటాలు వేశారు.

"ఆ గులకరాయి ఎందుకమ్మా?" అన్నాడు రాజు ముందుకు వంగి.

"రోజూ మట్టీ గింజలూ తూస్తాం కదండీ, ఒక పళ్లెం అరిగిపోయింది. రాయి వెయ్యకపోతే ఒకరికి ఎక్కువా, ఒకరికి తక్కువా పోతుందండి."

రాజు మెచ్చుకోలుగా తలూపాడు. తర్వాత రుద్రభట్టు వైపు తిరిగేసరికి, అతను గబగబా చేతులు జోడించాడు.

"ప్రభూ, చాటింపు చాటింపే! ఇచ్చింది ఇచ్చినట్టు ఉంచినవాడిదే పెద్దరికం అన్నారు!"

రాజు ఇరుకున పడ్డాడు. మాట తప్పలేడు, మనసు ఒప్పదు. దిక్కుతోచక చెంగమాంబకేసి చూశాడు.

ఆవిడ రెండు తక్కెడలనూ తాపీగా పరికించి అంది:

"భట్టుగారి మాట నిజమే ప్రభూ. తమరు ఇచ్చింది తక్కెడని. బయ్యన దగ్గర అది ఇప్పటికీ తక్కెడే. భట్టుగారి దగ్గరే, పాపం, నగ అయిపోయింది!"

రాజు పగలబడి నవ్వాడు. సభంతా ఘొల్లుమంది. రుద్రభట్టుకు కూడా నవ్వాగలేదు. బొడ్డులోంచి తాళంచెవి తీసి తనే బయ్యన చేతిలో పెట్టాడు.

బడులన్నిటికీ పెద్ద బయ్యనే అయ్యాడు. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి చెంగమాంబకు ఇచ్చాడు.