చుక్కానిలో చుక్క ఉందా?

పిల్లలూ, పడవకి వెనక నీళ్ళలో ఉండి దాన్ని అటూ ఇటూ తిప్పే పలక ఉంటుందే, దాన్నేమంటారు? చుక్కాని. సరే. అందులో చుక్క ఉందా, లేదా? తొందరపడకండి. తొందరపడ్డవాడి కథే చెప్పబోతున్నాను.

కేదారభట్టు అని ఒకాయన ఏడేళ్ళు కూర్చుని తాటాకుల మీద నిఘంటువు రాశాడు. ఏ మాటకి ఏం అర్థం, ఆ మాట ఎక్కణ్ణించి వచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి. ప్రతి మాత్రం ఒక్కటే. గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో పండితులు అది విని, బాగుంటే పది నకళ్ళు రాయిస్తామన్నారు. ఆ కట్టని గుడ్డలో చుట్టుకుని, గురువుతో కలిసి సముద్రం మీద పడవలో బయల్దేరాడు.

గురువు మీరాసాహెబు ఫకీరు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు పడవలు నడిపినవాడు. ఆ రోజు చుక్కాని ఆయన చేతిలోనే ఉంది.

పడవలో సాలిం అనే అరబ్బు నావికుడు కూడా ఉన్నాడు. మన రేవుల్లో తిరిగి తిరిగి తెలుగు పట్టుబడినవాడు.

భట్టు కాలక్షేపానికి ఆకులు పైకి చదువుతున్నాడు. "చుక్కాని. చుక్కను చూసి నడిపేది."

సాలిం పకపకా నవ్వాడు. "అది మా మాట పంతులూ! మేం సుక్కాన్ అంటాం."

"మా చుక్కని ఎత్తుకుపోయి అరగదీశారన్నమాట!"

"మరి పగలు ఏం చూసి నడుపుతారు? ముక్కు చూసుకునా?"

పడవంతా నవ్వింది. భట్టుకి ఒళ్ళు మండింది.

"బాబా, మీరు చెప్పండి. సంస్కృతంలో చుక్కానికి కర్ణం అని పేరు. నడిపేవాడు కర్ణధారుడు. కర్ణమంటే చెవి. పడవ నడపడానికి చెవితో ఏం పని? నా అర్థమే సరైనది. అవునా, కాదా?"

మీరాసాహెబు భట్టు చేయి తీసుకుని చుక్కాని పిడి మీద పెట్టాడు. నిఘంటువు కట్ట తీసుకెళ్ళి పడవ ముందుకొనకి కట్టి వచ్చాడు.

"అదుగో మొగ. దాటించు."

మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ నీళ్ళ కింద ఇసుకదిబ్బలుంటాయి, అలలు వాటి మీదే విరుగుతాయి. దిబ్బకి తగిలి ఆగిందా, అల పడవలోకి ఎక్కుతుంది. ముందు తడిసేది ముందుకొనే.

మీరాసాహెబు పక్కనే కూర్చున్నాడు. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకున్నాడు.

సాయంకాలపు ఎండ సూటిగా ఎదురు కొడుతోంది. నీళ్ళన్నీ కరిగిన ఇత్తడిలా ఉన్నాయి. వెనక నుంచి గాలి తోస్తోంది. భట్టు ఎడమకి పోదామని పిడిని ఎడమకి తోశాడు. పడవ కుడికి తిరిగింది. పిడి ఎటు తోస్తే పడవ దానికి ఎదురు తిరుగుతుంది. ఆ సంగతి ఆయన నిఘంటువులో లేదు.

"పంతులూ! చుక్కలేమైనా కనబడుతున్నాయా?" ముందునుంచి సాలిం అరిచాడు.

ఒక అల అంచు దాటి కట్ట మీద చిందింది. ఏడేళ్ళూ నీళ్ళపాలవుతున్నాయి!

"బాబా, నాకేమీ కనబడటం లేదు!"

"కళ్ళు మూసుకో."

మూసుకున్నాడు. ఎడమవైపు అల విరిగే చప్పుడు వినబడింది. కుడివైపూ అదే హోరు. రెంటికీ మధ్య ఒక్కచోట ఏ చప్పుడూ లేదు.

ఎడమ హోరు దగ్గరైంది. పిడిని ఎడమకే, వేలెడంత తోశాడు. హోరు దూరం జరిగింది. కుడిది పెరిగింది. ఈసారి కుడికి, ఇంకాస్త తక్కువ. అడుగున ఇసుక ఒక్కసారి గరగరా గీరింది.

తర్వాత నీళ్ళు సద్దుమణిగాయి.

కళ్ళు తెరిస్తే రెండువైపులా పచ్చటి మడచెట్లు. పడవలో ఒకటే ఈలలు, కేకలు! సాలిం కట్ట విప్పి చూసి, పొడిగా ఉన్న ఆకుల్ని రెండు చేతులా పైకెత్తి, "గెలిచావు పంతులూ!" అని గంతులేశాడు.

భట్టు పిడి వదలకుండానే అడిగాడు. "సాలిం గారూ, మీ మాట ఇంకోసారి అనండి."

"సుక్కాన్."

"అలాంటి మాట మీకు ఇంకేదైనా ఉందా?"

"సుకూన్ ఉంది. నిశ్చలంగా ఉండటం. అక్షరాలు అవే. రెండింటికీ చుట్టరికం ఉందో లేదో, పడవలవాణ్ణి, నాకేం తెలుసు?"

భట్టు ఆ ఆకు దిద్దుదామని గంటం కోసం చెయ్యి చాచబోయాడు.

"చెయ్యి తియ్యకు భట్టూ," అన్నాడు మీరాసాహెబు. "రేవు ఇంకా రాలేదు."

నకళ్ళు రాయించారా అంటారా? పది కాదర్రా, ఇరవై రాయించారు! చుక్కాని దగ్గర కర్ణం, సుక్కాన్, చుక్క మూడూ పక్కపక్కనే ఉండి, ఆ తర్వాత ఇంకో మాటకి సరిపడా ఆకు ఖాళీగా ఉండేదట. ఎందుకో మీరు ఆలోచిస్తూ ఉండండి. చింతపండు సగమే గింజ తీసి వచ్చాను, మిగతాది తీసేసి వస్తా.