మూడోది సన్యాసమ్మది

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. కొండలకి ఇంకా పేర్లు పెట్టని రోజులు. మంచు పొద్దున్నే ఇళ్లలోకొచ్చి, పొయ్యి దగ్గర కాసేపు కూర్చుని వెళ్లిపోయే రోజులు. ఊఁ కొడితే చెబుతాను.

ఆ కొండల నడుమ ఒక ఊళ్లో సన్యాసమ్మ అని ఒకావిడ ఉండేది. అడవికెళ్లి అడ్డాకులు కోసుకొచ్చి విస్తళ్లు కుట్టేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా కడుపులో మంట. ఆ మంట ఊరందరికీ ఉండేది. కొండ మీంచి పారే గెడ్డ నీళ్లు తాగితే మంట, అంబలి తాగితే మంట, ఏమీ తాగకపోతే మరీ మంట.

ఒకసారి ముసురు పట్టి గింజలు నిండుకున్నాయి. అడవిలో కూలిన మద్దిమాను మీద మానుకొక్కులు మొలిచి ఉన్నాయి, చెక్కలా గట్టి పుట్టగొడుగులు. ఆకలికి రుచేమిటి? సన్యాసమ్మ రెండు కోసుకొచ్చి పొయ్యి మీద వేసింది. ఎంతసేపటికీ ఉడకలేదు. పోనీలెమ్మని ఆ నీళ్లే తాగింది. చేదంటే చేదు, వేపాకే నయం! మొదటి రోజు మంట కాస్త తగ్గింది. రెండో రోజు కునుకు పట్టింది. మూడో రోజు కలలో ఆమె కడుపులోంచి చల్లగా గెడ్డ పారింది. లేచి ఒక్కతే నవ్వుకుంది.

మంచి మాట దాచుకునే మనిషి కాదు. తనని అక్కలా చూసుకుని అప్పా అని పిలిచే పక్కింటి పైడమ్మకి చెప్పింది. పైడమ్మకి చెబితే ఊరంతటికీ చెప్పినట్టే. అందరూ తాగారు, అందరి కడుపులూ చల్లబడ్డాయి. చల్లబడ్డాక ఆశ పుట్టింది. వచ్చే ఏటికి, ఆ పై ఏటికి, వియ్యాలవారికి అంటూ గునపాలు పట్టుకెళ్లారు. కొక్కులు పీకారు, బెరడు చెక్కారు, ఆఖరికి మానునే చీల్చి మోసుకుపోయారు. అందరికంటే ముందు గునపం దించింది పైడమ్మే.

దాచుకున్నవి పురుగు పట్టి పొడైపోయాయి. మరుసటి ముసురుకి ఒక్క కొక్కూ మొలవలేదు. మంట మళ్లీ వచ్చింది. మిగతావాళ్లకి సన్నగా, సన్యాసమ్మకి కొరివి పెట్టినట్టు.

ఆమె వెతుక్కుంటూ పోయింది. ఒక కొండ ఎక్కింది, లేదు. రెండో కొండ ఎక్కింది, లేదు. మూడో కొండ మీద, మంచులో, పడిన మాను మీద ఒకే ఒక్క కొక్కు కనిపించింది. కత్తి తీసింది. అప్పుడు చూసింది. కొక్కు కింద నుంచి సన్నటి దుమ్ము రాలుతోంది, జల్లెడలోంచి పిండి జారినట్టు. గాలికి లేచి, తేలి, మంచులో కలిసిపోతోంది. సన్యాసమ్మకి భయం వేసింది. కోస్తే తను బతుకుతుంది. ఆ తర్వాత ఈ కొండల్లో ఎవరికీ ఏమీ మిగలదు. కత్తి పక్కన పెట్టి కూర్చుండిపోయింది.

పైడమ్మ ఆమెని వెతుక్కుంటూ వచ్చింది.

"ఇంకేటి సూత్తన్నావప్పా? కొయ్యి. నానుడకేసి ఇత్తాను."

"ఒద్దే. ఇది ఇత్తనం."

"నీ పేనం పోతాదప్పా! నీకు బతకాలని నేదా?"

"ఎందుకు నేదే? సానా ఉంది. అలాగని ఆకలేసినప్పుడల్లా ఇత్తనాలు వండుకుంటామేటి?"

పైడమ్మ బావురుమంది. మొదటి గునపం దించిన చేతులు ఆమెవే కదా.

ఆ ముసురంతా సన్యాసమ్మ అక్కడే ఉంది. తడి దుంగలు దొర్లించి కొక్కు చుట్టూ పేర్చింది. పైడమ్మ సాయం పట్టింది. దుమ్ము దుంగల మీద వాలుతుంటే ఇద్దరూ చూస్తూ కూర్చునేవారు. వాన వెలిసిన రోజున సన్యాసమ్మ కడుపు పట్టుకుని పైడమ్మ ఒడిలోకి ఒరిగిపోయింది. మళ్లీ లేవలేదు.

మరుసటి ఏడు దుంగల నిండా కొక్కులే. ఊరు బుట్టలతో వచ్చింది. పైడమ్మ కొడవలి పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"రెండు కొయ్యండి. మూడోది సన్యాసమ్మప్పది. ముట్టుకున్నోడి సెయ్యి నరికేత్తాను!"

ఆమె నోటికి జడిసో, సిగ్గుపడో అందరూ అలాగే కోశారు.

ఇప్పటికీ అక్కడ అంతే. రెండు కోస్తారు, మూడోది వదిలేస్తారు. వదిలేసినదాని మీద చెయ్యి వేసి, "అప్పా, నీ కడుపు సల్లబడ్డాదా?" అని అడుగుతారు. జవాబు కోసం ఆగాలనేమీ లేదు. అయినా కొందరు ఆడవాళ్లు ఆగుతారు.