తలపాగాకు అభిషేకం

పూర్వం ఒక రాజు ఎవరి పని మెచ్చినా తన తలపాగా తీసి వాళ్ల నెత్తిన పెట్టేవాడు. దాంతోపాటు ఆయన నెత్తి మీది తామర కూడా అంటుకునేది. సన్మానం పొందినవాళ్లంతా కొలువులో తలలు గోక్కుంటూ కూర్చునేవారు. వద్దన్నవాడికి కొరడా దెబ్బలే.

కోటలో బావి తవ్విన గవరయ్య వంతు వచ్చింది. రాజు తలపాగా తీయగానే గవరయ్య దాన్ని రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

"మరిగే కుంకుడు నీళ్లతో అభిషేకం చేసి, ఎండలో ఆరబెట్టి పెట్టుకుంటాను, ప్రభూ."

రాజు ముఖం ఎర్రబడింది. "మా తలపాగాకు మురికి పట్టిందనా?"

"గుళ్లో దేవుడికి రోజూ అభిషేకం చేస్తారు. ఆయనకు మురికి పట్టిందనా, ప్రభూ?"

రాజు తల గోక్కున్నాడు.

"మిగిలిన నీళ్లు కాస్త చల్లార్చి మాకూ పోయించండి" అన్నాడు.