మంత్రించిన బియ్యం

అనగనగనగా జాజిపట్నమనే ఊళ్లో, శ్రావణ శుద్ధ చతుర్దశి, శుక్రవారం నాడు, పొద్దు వాలడానికి ఇంకా మూడు ఘడియలుందనగా, గవరయ్య శెట్టి ఇంట్లో అమ్మవారి మెడలోని బంగారు రూపు కనిపించకుండా పోయింది.

ఆరోజు వరలక్ష్మీ వ్రతం. పేరంటాళ్లు తాంబూలాలు వేసుకుని, ఎర్రబడ్డ నోళ్లతో నవ్వుకుంటూ కూర్చున్నారు. శెట్టిగారి భార్య పేరిందేవి హారతి ఇచ్చి వెనక్కి తిరిగి చూస్తే కలశానికి పసుపుతాడూ లేదు, రూపూ లేదు.

"వ్రతం నాడే రూపు పోయిందంటే లక్ష్మి ఇల్లు దాటినట్టేనండీ" అంది పేరిందేవి, భర్తతో.

శెట్టిగారికి ఒక అక్క ఉంది. పేరు కోటమాంబ. భర్త పోయాక తమ్ముడి పంచన చేరింది. అమ్మ లేని తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆవేళ తెల్లవారకముందు నుంచీ మడి కట్టుకుని, మంచినీళ్లైనా ముట్టకుండా, ఊరందరికీ వండిపెట్టింది.

"ముందు ఇల్లంతా నిదానంగా వెతికించు, తమ్ముడూ" అంది కోటమాంబ వంటింటి గుమ్మంలోంచి.

వెతికే ఓపిక ఎవరికుంది? శెట్టిగారు ఓంకారప్ప అనే మంత్రగాణ్ని పిలిపించాడు.

ఓంకారప్ప మొదట అంజనం వేశాడు. తమలపాకు మీద కాటుక పూసి, శెట్టిగారి చిన్న కూతురి చేతిలో పెట్టాడు.

"ఏం కనిపిస్తోందమ్మా?"

"నా ముక్కు."

పేరంటాళ్లు కిసుక్కున నవ్వారు. ఓంకారప్ప నవ్వలేదు. "బాగా చూడు తల్లీ. తెల్లగా ఏదైనా కదులుతోందా?"

పిల్ల కళ్లు చికిలించి, "ఆ, తెల్లగా" అంది.

ఆ ఇంట్లో తెల్లచీర కట్టినది ఒక్క కోటమాంబే. చూపులన్నీ అటు తిరిగాయి.

రెండోసారి నిమ్మకాయకు దారం కట్టి వేలాడదీశాడు. అది ఊగి ఊగి వంటింటి వైపు వాలింది.

"గాలి అటే వీస్తోంది కదయ్యా" అంది ఒక ముసలి పేరంటాలు.

"నీకు గాలి కనిపిస్తుందేమో గానీ మాకు కాయ కనిపిస్తోంది పిన్నీ, ఊరుకో" అంది పక్కావిడ.

మూడోసారి ఓంకారప్ప గుప్పెడు బియ్యం మంత్రించి అందరి చేతుల్లోనూ పోశాడు. "నమిలి ఆకులో ఉమ్మండి. తియ్యనివాళ్ల నోట్లో బియ్యం తడుస్తుంది. రూపు తీసినవాళ్ల నోట్లో పిండిపిండిగా మిగులుతుంది" అన్నాడు.

అందరి బియ్యమూ ఎర్రగా, తడితడిగా వచ్చింది. కోటమాంబ బియ్యం నోట్లో వేసుకుంది. నమిలింది, నమిలింది. ఆకులో పొడి పిండి రాలింది.

గుమ్మం ముందు చేరిన వీధి వీధంతా చూస్తూ ఉంది. గవరయ్య తల దించుకున్నాడు. "అడిగితే ఇవ్వనా అక్కా?" అన్నాడు.

కోటమాంబ లోపలికి వెళ్లింది. రెండు చీరలు మూటగట్టుకుని సత్రానికి వెళ్లిపోయింది.

దీపాల వేళయింది. పేరిందేవి పట్టుచీర విప్పి మడత పెడుతోంది. కుచ్చెళ్లలోంచి పసుపుతాడు జారింది. దాని చివర రూపు. హారతికి వంగినప్పుడు జరీకి తగులుకుని తనతోనే వచ్చేసింది.

పేరిందేవి రూపు పట్టుకుని భర్త దగ్గరికి వచ్చింది. "ఏమండీ, తాంబూలం వేసుకున్న నోళ్లు తడవక ఏం చేస్తాయండీ? వదినకు మనం ఆకివ్వం కదా. పొద్దుట్నుంచి ఆవిడ గొంతులో చుక్క నీళ్లు పడలేదు. పైగా భయం" అంది.

మొగుడూ పెళ్లాలు సత్రానికి పరుగెత్తారు. పేరిందేవి వదిన కాళ్లు పట్టుకుంది.

"లే అమ్మాయ్, పండగపూట ఏడవకు" అంది కోటమాంబ, ఆమె తల నిమిరి.

"ఇంటికి రా అక్కా" అన్నాడు గవరయ్య.

"నువ్వు పిలిస్తే రానా తమ్ముడూ? కానీ నేను వీధిలో నడిచొస్తుంటే, దొంగ తిరిగొచ్చిందంటారు. నన్ను దొంగంటే విన్నవాళ్లందరికీ, కాదని మీరే చెప్పండి. ఆ తరవాత వస్తాను."

తెల్లవారింది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. శెట్టిగారు, పేరిందేవి, చిన్నపిల్ల, ముగ్గురూ గడప గడపకూ వెళ్లారు. "తప్పు మాది. రూపు నా చీరలోనే ఉంది. మా వదిన ఏ పాపమూ ఎరగదు" అని పేరిందేవి ప్రతి గుమ్మంలోనూ చేతులు జోడించి చెప్పింది.

కొందరు అయ్యో అన్నారు. కొందరు విని ఊరుకున్నారు. వీధి చివరింటి ఇల్లాలు మాత్రం పేరిందేవి చెయ్యి పట్టుకుని, ఎంతో జాలిగా, "ఇంటి మనిషి కదమ్మా, కప్పిపుచ్చుకోవాలి మరి. నేనెవరితోనూ అననులే" అంది.

పేరిందేవి మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. ఆవిడ మళ్లీ అలాగే తలూపింది. ఎండ ముదిరింది. సత్రం అరుగు మీద కోటమాంబ ఎదురు చూస్తూనే ఉంది. వాళ్లు పక్కవీధి గడపలు ఎక్కసాగారు.

పోయిన వస్తువు కోసం మంత్రాన్ని అడిగే ముందు మన పక్కనున్న మనిషిని నమ్మాలి, నాయనలారా; వస్తువు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది గానీ, ఒకరి మీద వేసిన నిందను మనమే వెళ్లి తుడిచినా పూర్తిగా పోదు.