ఒకవైపు తీగ

సోమలింగాచారి రాజుగారి దగ్గర లౌడ్‌స్పీకర్ల ఇంజనీరు. ముప్పై ఏళ్లుగా అదే కొలువు.

చేరిన కొత్తలో అతనికొక కోరిక ఉండేది. మనిషి నోట్లోంచి మాట ఎలా వస్తుందో, ఏదీ కలవకుండా, ఏదీ పోకుండా దూరాన ఉన్నవాడికి అలాగే చేరాలి. అందుకని కాగితం నానబెట్టి, గుజ్జు చేసి, లౌడ్‌స్పీకర్ లోపల బిగించే పల్చటి గరాటాలు తనే ఆరబెట్టుకునేవాడు. వాటికి సన్నటి రాగితీగ చుట్టేవాడు. ఒక్కొక్కదానికీ చెవి ఆనించి చూసేవాడు.

రాజుగారికి అవేమీ పట్టేవి కావు. "మోత చాల్లేదు ఆచారీ. జనానికి నా మాట ఎక్కడం లేదు."

"మోత పెరిగితే మాట చెదురుతుంది ప్రభూ."

"పెంచు."

పెంచాడు. మరుసటేడు మళ్లీ పెంచమన్నారు. పిచ్చుకలు సంత వదిలి పోయాయి. బేరాలు వేళ్లతో సాగాయి. పన్ను తగ్గిందని చాటిన రోజున కూడా ఎవరూ తలెత్తలేదు. అందరి చెవుల్లోనూ దూది.

ఆచారికి కుడిచెవి పూర్తిగా పోయిన వారంలోనే కబురొచ్చింది: ఈసారి రెట్టింపు మోత కావాలి.

"లోపం లౌడ్‌స్పీకర్లో లేదు ప్రభూ," అన్నాడు ఆచారి సభకెళ్లి.

"మరెక్కడుంది?"

ఆచారికి విసుగెత్తిపోయింది. నేరుగా వెళ్లి సంతలో లౌడ్‌స్పీకర్ కట్టిన స్తంభమెక్కాడు. లౌడ్‌స్పీకర్‌కి చాలామందికి తెలియని గుణం ఒకటుంది. తీగలు మార్చి కలిపితే అది వింటుంది కూడా. సంతలోది విని, సభలో రాజుగారు రోజూ మాట్లాడే చిన్నపెట్టె పలికేలా కలిపాడు.

సంతలో మోత ఆగిపోయింది. జనం దూది తీసేశారు. సభలో పెట్టె మాట్లాడసాగింది.

"అమ్మయ్య, చెడిపోయినట్టుంది!"

"బాగుచెయ్యకపోతే బాగుణ్ణు. ఏం నూకమ్మా, చేపలెలా ఇస్తున్నావ్?"

"చేపలకేం వదినా, మా వీధి బావిలో ఉప్పునీళ్లు పడి మూడేళ్లయింది. ఎవరితో చెప్పుకుంటాం? ఆ మోతలో మన మాట మనకే వినబడదాయె."

రాజుగారు పెట్టె మీదికి వంగారు. "నూకమ్మా, కొత్త బావి తవ్విస్తాను!"

నూకమ్మ ఉప్పునీళ్ల సంగతే చెప్పుకుపోతోంది. రాజుగారు గొంతు చించుకున్నారు.

"ఆవిడకు వినబడదు ప్రభూ," అన్నాడు అప్పుడే లోపలికొచ్చిన ఆచారి. "ఈ తీగ ఒకవైపే నడుస్తుంది."

"మరి ఇన్నాళ్లూ?"

"ఇన్నాళ్లూ ఒకవైపే."

రాజుగారు చెప్పులేసుకుని సంతకు నడిచారు. వెనకాల ఆచారి. చేపలగంప ముందు నిలబడి రాజుగారు అన్నారు: "బావి తవ్విస్తానమ్మా."

మోత లేని ఆ గొంతు అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు. సన్నగా, కాస్త వణుకుతూ ఉంది.

నూకమ్మ ఎగాదిగా చూసింది. "నువ్వెవరు బాబూ? తవ్విస్తాననడానికి నువ్వేమైనా రాజువా?"

రాజుగారు ఆచారి వైపు తిరిగారు.

"నన్ను చూస్తారేం ప్రభూ?" అన్నాడు ఆచారి.

రాజుగారు పైకండువా తీసి నడుముకు బిగించారు.

"గునపం ఎవరింట్లో ఉందమ్మా?"