సంగప్ప పొట్టేలు ఓడిన రోజు

ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు అనసూయమ్మ గారికి లేదు. ఉన్ని వడుకుతున్న చెయ్యి ఆపకుండా "చూద్దాం" అనేవారు. మంజీర ఒడ్డు ఊళ్లల్లో ఆమెను గురువమ్మ అని పిలిచేవారు. ఆమె శిష్యులంతా గొర్రెలు కాసేవాళ్లు, గొంగళ్లు నేసేవాళ్లు.

ఒకనాడు భజన పాటలయ్యాక సంగప్ప అనే శిష్యుడు లేచి అడిగాడు.

"గురువమ్మా, ఇచ్చినకొద్దీ పెరుగుతదని చెప్తవు. పాటంటే ఒప్పుకుంట. మరి నా పొట్టేలు సంగతేంది? అడిగినోళ్ల మందకల్లా దాన్ని తోలితే, రేపు పశువుల ప్రదర్శనల నాకు ఎదురు నిలబడేటియన్ని దాని పిల్లలే గద! ఇచ్చి నేను పెరుగుతనా, తరుగుతనా?"

అందరూ నవ్వారు. గురువమ్మ కూడా నవ్వి, "నీ ప్రదర్శన కానీయ్. నేను గూడ వస్త" అన్నారు.

ఆ చుట్టుపక్కల నల్ల ఉన్ని గొర్రెల మంద సంగప్పదొక్కటే మిగిలింది. ఉన్నికి ధర లేదని మిగతావాళ్లు మాంసానికి పనికొచ్చే ఎర్ర గొర్రెలకు మారిపోయారు. సంగప్ప మారలేదు. ఆ నలుపంటే అతనికి ప్రాణం. కత్తిరింపు రోజున రెండు చేతుల నిండా ఉన్ని తీసుకుని, పొయ్యి దగ్గరున్న పెళ్లాన్ని పిలిచి మరీ చూపించేవాడు. ఏటా పశువుల ప్రదర్శనలో మొదటి బహుమతి అతనిదే. ఒకటో రెండో నల్ల గొర్రెలు మిగుల్చుకున్నవాళ్లు విత్తనానికి అతని పొట్టేలును ఇమ్మని అడిగేవారు. అతను ఎవరికీ ఇవ్వలేదు.

అయితే ఒక సంగతి సంగప్ప గురువమ్మకు చెప్పలేదు. తండ్రి పొట్టేలు తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు, ఇట్లా ఒకే మందలో ఒకే రక్తం తిరిగి తిరిగి, పుట్టే పిల్లలు బలం లేకుండా పుడుతున్నాయి. చెయ్యి పెడితే తోలు తగిలేంత పలచగా ఉంటోంది వాటి ఉన్ని. బయటి నుంచి మంచి పొట్టేలును తెచ్చుకోమని పశువుల డాక్టరు చెప్పాడు. సంగప్ప బీదరు దాకా తిరిగాడు గాని ఎక్కడా దొరకలేదు. ఇంకొన్నాళ్లు ఇట్లాగే సాగితే మంద పేరుకే మిగులుతుందని అతనికి తెలుసు. రాత్రిళ్లు అన్నం సయించేది కాదు.

ప్రదర్శన రోజు వచ్చింది. డాక్టరు వరసగా ఒక్కో పొట్టేలు దగ్గర ఆగి, వీపు మీది ఉన్నిని రెండు చేతులతో పాయ తీసి లోపలికి చూస్తున్నాడు. సంగప్ప పొట్టేలు దగ్గర మెచ్చుకోలుగా తల ఊపాడు. వరస చివర పక్క ఊరి తుల్జమ్మ నిలబడి ఉంది. ఆ ముసలామె ప్రదర్శనకు రావడం అదే మొదటిసారి. ఆమె పొట్టేలు ఉన్నిలో డాక్టరు వేళ్లు మునిగిపోయాయి. మొదటి బహుమతి ఆమెకే వచ్చింది.

సంగప్ప గబగబా దాని దగ్గరికి పోయాడు. చెంపకు ఆనుకుని తిరిగిన కొమ్ములు, నుదుటి మీద చిన్న తెల్ల మచ్చ. అవి తన ముసలి పొట్టేలు పోలికలని చూస్తూనే గుర్తుపట్టాడు.

"అవ్వా, ఇది నా రక్తం గాదు?"

"నీ రక్తమెట్లయితది బిడ్డా, పొట్టేలు రక్తం" అంది తుల్జమ్మ. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. "నీ ముసలి పొట్టేలు ఒకపారి తాడు తెంపుకొని నా గొర్రెలల్ల పడలే? నన్ను తిట్టుకుంట వచ్చి తోలుకపోతివి. అప్పటికే దాని పని అది చేసుకున్నది. నాకున్నది ఒక్కటే నల్ల గొర్రె, దానికి ఆడపిల్ల పుట్టింది. సోలాపూరు దిక్కు నల్ల గొర్రెల మంద ఇటు మేతకొచ్చినప్పుడు ఆ పిల్లను అండ్ల కలిపిన. దాని కొడుకే ఇది."

"అట్లయితే ఇది దొంగ విత్తనం! ఇప్పుడే డాక్టరుకు చెప్త" అని సంగప్ప కదిలాడు.

గురువమ్మ అతని భుజం మీది గొంగడి పట్టుకుని ఆపారు. "చెప్పు, వద్దనలే. ముందుగాల దాని మీద చెయ్యి పెట్టి చూడు."

సంగప్ప విసురుగానే చెయ్యి పెట్టాడు. వేళ్లు లోపలికి పోయాయి, ఇంకా పోయాయి, తోలు తగల్లేదు. చిన్నప్పుడు తండ్రి మందలో చూసిన ఉన్ని అది. బీదరు దాకా వెతికినా దొరకనిది పక్క ఊళ్లోనే మేస్తూ ఉంది. పెట్టిన చెయ్యి తియ్యలేకపోయాడు. తుల్జమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా... నా మందకు దీన్ని కొన్నాళ్లు ఇస్తవా?"

"నేను నీ గడపకొచ్చి అడిగితే ఇయ్యకపోతివి గద" అంది తుల్జమ్మ.

సంగప్ప తల వంచుకున్నాడు. ఆమె అతన్ని కాసేపు అట్లాగే నిలబెట్టింది.

"సరే తియ్. నీ గొర్రెలు నన్నేమన్నయి? తోలుకపో. ఈపారి తిట్టుకుంట పోకు, దానికి చెవులున్నయి."

తిరిగి వచ్చేటప్పుడు సంగప్పదీ తుల్జమ్మదీ, ఒకే తీరు కొమ్ములున్న రెండు పొట్టేళ్లూ దుమ్ము రేపుకుంటూ ముందు నడిచాయి. కొంత దూరం వచ్చాక సంగప్ప అన్నాడు.

"గురువమ్మా, ఇయ్యాల ఓడిపోయి వస్తున్న. అయినా కడుపు నిండినట్టున్నది. నాకే సమజ్ అయితలేదు."

గురువమ్మ ఎప్పటిలాగే "చూద్దాం" అన్నారు. వాగు దాటాక, ముందు పోతున్న పొట్టేళ్లను చూపించి అన్నారు.

"ఆ రెండిట్ల నీది ఏదో చెప్పు, సంగప్పా."